రెండడుగుల రాతిగోడలు, ఎనుక రూముకు చేరని వైఫై

అన్నా, మీరు అడిగిన సంగతి ముందు నా మాటల్లో చెప్త, ఎక్కడన్న తప్పు పోతే సరిచేయండి. నారాయణపేట పాత ఊర్ల తాతల నాటి ఇల్లు. వెడల్పు 22 అడుగులు, పొడుగు 90 అడుగులు. రాయి, మట్టితోని కట్టిన రెండడుగుల గోడలు, పైన సున్నం. ముంగటి అర్రల ఇంటర్నెట్ వచ్చే ఫైబర్ డబ్బా ఉంది. దాని ఎనుక నడిమిల్లు, దేవునర్ర, వంటిల్లు, తర్వాత పది అడుగుల ఖాళీ జాగ, ఆఖరికి కొత్తగ కట్టిన సిమెంటు రూము. ఆ రూముల కూసొనే మీ చెల్లె హైదరాబాద్ కంపెనీ పని చేసుకుంటది. 100 ఎంబీపీఎస్ ప్లాను. వంటింట్ల రిపీటర్ (వైఫై సిగ్నల్ అందుకొని మల్ల ముందుకు పంపేది) పెట్టిన్రు. ఫోన్‌ల గీతలు నిండుగ ఉంటయి గానీ మీటింగ్‌ల గొంతు తెగిపోతుంది. ఇంకో రిపీటర్ కొనాల్నా, ఆరు కొమ్ముల (యాంటెన్నాల) పెద్ద రౌటర్ కొనాల్నా అని మీ ప్రశ్న. అమ్మ దేవునర్ర గోడకు బొక్క కొట్టనియ్యదన్నది ఇంకో ముడి.

రిపీటర్ వద్దు, పెద్ద రౌటర్ కూడ వద్దు. ఎనుక రూము దాక ఒక లాన్ వైరు (ఇంటర్నెట్ మోసే రాగి వైరు) గుంజండి, ఆ వైరు కొసకు చిన్న రౌటర్ ఒకటి పెట్టండి. నేను కేబుల్ టీవీ తీగలు గుంజేటప్పటి నుంచి ఈ పనిలనే ఉన్న. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, దేవరకొండ దిక్కు ఇసొంటి ఇండ్లు చానా చూసిన. ఈ ఏరియల రాయికి కరువు లేదు కాబట్టి పాతోళ్లు గోడలకు పిసినారితనం చెయ్యలే. ఎండాకాలం ఇంట్ల చల్లగ ఉంటది, అది వాళ్ల పుణ్యం. వైఫైకి మాత్రం అదే శాపం.

ముందు ఆ గీతల సంగతి. మీ చెల్లె ఫోన్‌ల కనిపించే గీతలు ఆమె ఫోన్‌కు, వంటింటి రిపీటర్‌కు నడుమ దోస్తీ ఎంతుందో చెప్తయి. ఆ రిపీటర్‌కు ముంగటి డబ్బా మాట ఎంత వినపడుతుందో చెప్పవు. మూడు గోడల అవతల కూసున్న రిపీటర్‌కు సగం మాటలే చేరుతయి, అది ఆ సగాన్నే గట్టిగ అరిచి చెప్తది. పైగ తక్కువ ధర రిపీటర్ల ఒకటే రేడియో ఉంటది. ఒక మాట వినాలె, వినుడు ఆపి అదే మాట ఇంకొకరికి అప్పజెప్పాలె. చెప్పేటప్పుడు వినలేదు, వినేటప్పుడు చెప్పలేదు. అందుకే మంచి జాగల పెట్టినా స్పీడు సగానికి పడిపోతది. మీరు ఇంకో రిపీటర్ పెడితే ఆ సగంల మల్ల సగం. సినిమా అయితే ముందే కొంత దించుకొని నడుస్తది, మీటింగ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక్క సెకను ఆలస్యమైనా గొంతు తెగుతది.

ఇగ పెద్ద రౌటర్. అది ఎంత గట్టిగ అరిచినా ఫోన్ జవాబు చెప్పాలె కద. ఫోన్‌ల రేడియో చిన్నది, బ్యాటరీ మీద బతికేది. ఇటు మాట అటు పోతది, అటు నుంచి జవాబు రాదు. కొమ్ములు ఆరున్నా ఎనిమిదున్నా సంగతి ఇదే.

ఏదన్న కొనేముందు ఒక అర్ధగంట పెట్టి కొలవండి. ఫోన్‌ల వైఫై అనలైజర్ అని దొరికే యాప్‌లల్ల ఏదో ఒకటి ఏసుకోండి. రిపీటర్ బంద్ చేయండి. డబ్బా పక్కన నిలబడి నంబరు చూడండి, తర్వాత ఒక్కో దర్వాజ దాటుకుంట కాగితం మీద రాసుకోండి. నంబరు ముంగట మైనస్ ఉంటది, దాన్ని డీబీఎం అంటరు. మైనస్ ఎనుక అంకె పెద్దగయిన కొద్ది సిగ్నల్ చిన్నగయినట్టు. మైనస్ 50 దాక బ్రహ్మాండం. మైనస్ 67 దాక మీటింగ్ నడుస్తది. 75 దాటితే వాట్సాప్ మెసేజ్ పోతే పోయినట్టు. 85 కాడ వైఫై పేరు కనబడుతది, అంతే. ఇంకో లెక్క గుర్తుపెట్టుకోండి: మూడు తగ్గితే బలం సగమైనట్టు, పది తగ్గితే పదో వంతు.

పోయినేడు వనపర్తిల అచ్చం మీ ఇంటసొంటి ఇంట్ల కొలిచిన. డబ్బా పక్కన మైనస్ 35. ఒక గోడ దాటితే 52, రెండో గోడకు 66, మూడో గోడ అవతల 79. అంటే మూడు గోడలకు, నడుమ దూరానికి కలిపి 44 పోయింది. డబ్బా పక్కన దొరికిన దాంట్ల 25 వేల వంతుల్లో ఒక్క వంతు మిగిలింది. వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లుంటయి, ఇది 2.4 గిగాహెర్ట్జ్ లెక్క. 5 గిగాహెర్ట్జ్ అయితే రెండో గోడ కాడనే 80కి పడిపోయింది, మూడో గోడ అవతల పేరే లేదు. 5 ఎక్కువ స్పీడు ఇస్తది గానీ గోడలంటే దానికి పడదు. 2.4 గోడలను కొంచెం ఓర్చుకుంటది, కానీ చుట్టుపక్కల ఇండ్లోల్లందరు దాని మీదనే ఉంటరు, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి కూడ అక్కడనే. ఇంకోటి, మట్టి గోడ వానకాలం చెమ్మ పడితే ఎండిన గోడ కంటే ఎక్కువ మింగుతది. "ఎండాకాలం నడిచింది, ఇప్పుడేమైంది" అని జులైల ఫోన్లు చేసేటోల్లు నాకు ప్రతేడూ ఉంటరు.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది, అది ముందు చేయండి. డబ్బా ముంగటి అర్రలనే ఎందుకుందంటే అక్కడ సిగ్నల్ మంచిగ వస్తదని కాదు. స్తంభం నుంచి వచ్చిన తీగ అక్కడికే సరిపోయింది, వచ్చిన పిల్లగానికి ఇంకో మూడిండ్లు ఉన్నయి. నేనూ ఆ పని చేసినోన్నే, మా సంగతి నాకెర్క లేదా. డబ్బాను నడిమింట్లకు మార్చమని మీ ఆపరేటర్‌నే అడగండి. పది, పదిహేను మీటర్ల ఫైబర్ అతుకు పెట్టుడు వాళ్లకు పెద్ద పని కాదు. మీరు సొంతంగ గుంజకండి. ఆ సన్న తీగల ఉన్నది గాజు, మూల కాడ మడత పెడితే వెలుతురు బయటికి కారిపోతది. పచ్చ రంగు కొస పీకి మల్ల పెట్టేటప్పుడు దుమ్ము పడ్డా కష్టమే. మార్చినంక డబ్బా సెట్టింగ్‌లల్ల వెలుతురు అంకె చూపెట్టమనండి, అదీ డీబీఎంలనే ఉంటది. మైనస్ 25 లోపల ఉంటే నిమ్మళం. 27 దాటితే అతుకు మల్ల ఎయ్యమనండి.

నడిమింట్ల ఎక్కడ పెట్టాల్నంటే, దర్వాజలకు ఎదురుంగ. మన పాత ఇండ్లల్ల తలుపులు ముంగటి నుంచి పెరడు దాక ఒకటే వరుసల ఉంటయి, గల్మల నిలబడితే ఎనుక పెరడు కనబడుతది. గాలి కోసం అట్ల కట్టిన్రు, మనకు అదే వైఫైకి బాట. టేకు తలుపు మూసినా పెద్దగ తినదు, ఇనుప రేకు తలుపు అయితే మాత్రం ఆపేస్తది. మనిషి ఛాతీ ఎత్తుకు పైన, చుట్టూ ఖాళీగ ఉండాలె. కొమ్ములు నిలువుగ నిలబెట్టండి, సిగ్నల్ కొమ్ము కొస నుంచి పోదు, పక్కలకు పోతది. దేవరకొండ దిక్కు ఒక ఇంట్ల రౌటర్ ఎక్కడుందని వెతికితే సజ్జ మీద ఇత్తడి బిందెలు, కంచు గిన్నెల వరుస నడుమ కూసొని ఉంది. ముంగట నాలుగు బిందెలు, ఎనుక గోడ. పిల్లలు ముట్టుకోవద్దని ముసలమ్మ దాచిపెట్టింది. ఒక్క బిందె పక్కకు జరిపితే పక్క అర్రల అంకె 9 మారింది. బీరువా పక్కన, ఫ్రిజ్ మీద, టీవీ ఎనుక పెట్టుడు కూడ అట్లనే.

అట్లనే ఆపరేటర్ ఇచ్చిన డబ్బాల 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో చూడండి. చానా ఇండ్లల్ల ఉత్త 2.4 డబ్బానే ఇచ్చిపోతరు. అట్లయితే 100 ప్లాను కట్టి ఎదురుంగ కూసున్నా చానాసార్లు నిండ 100 రాదు. అది గోడల తప్పు కాదు.

డబ్బా నడిమింట్లకు మారితే వంటిల్లు దాక బాగుపడుతది. ఎనుక రూము పడదు. దానికి వైరే. లాన్ వైరు 100 మీటర్ల దాక మంచిగ నడుస్తది. మీ ఇల్లు పొడుగు 27 మీటర్లే, ఎక్కి దిగేది కలిపినా 40 మీటర్లు. క్యాట్ 6 వైరు 45 మీటర్లు కోసి ఇమ్మనండి, 305 మీటర్ల బాక్సు అంటగట్టనియ్యకండి. అసలు రాగి కావాలని గట్టిగ అడగండి. బయటికి ఎర్రగ మెరిసి లోపల అల్యూమినియం ఉన్న వైరు సగం ధరకు దొరుకుతది, దాని పేరు సీసీఏ. కొస తీసుకొని బ్లేడుతోని గీకండి. గీకినా ఎర్రగనే ఉంటే రాగి, తెల్లగ తేలితే దుకాణంలనే ఇడిచిపెట్టి రండి. అది రెండుసార్లు మడత పడితే లోపల ఇరుగుతది, ఇరిగింది పైకి కనబడదు. ఖాళీ జాగల ఎండ పడే కాడికి నల్ల తోలు ఉన్న బయటి వైరే కావాలె. ఇంట్ల ఏసే బూడిద రంగు వైరు పాలమూరు ఎండలకు పొట్టు లేసిపోతది.

ఇగ అమ్మ మాట. దేవునర్ర గోడను ముట్టుకునే అవసరమే లేదు. పెంకుటిండ్లల్ల దూలం గోడ మీద కూసున్న కాడ, వాసాల కింద చెయ్యి పట్టేంత సందు ఉంటది. నిచ్చెన ఏసి టార్చ్ కొట్టి చూడండి. లేకుంటే పైన వెంటిలేటర్ ఉంటది, అదీ లేకుంటే పాత కరెంటు పైపు పోయిన బొక్క. గోడ మీది నుంచే పోతే సుత్తె పని లేదు, అమ్మకు కోపమూ లేదు. ఇల్లు ఇంట్ల మీద ఆనుకొని ఉన్న పాత ఊర్ల పక్క గోడ బయటి నుంచి పోయే వీలు ఎట్లాగూ ఉండదు.

ఎక్కడన్న తప్పక బొక్క కొట్టాల్నంటే రాయి మీద కొట్టకండి. గోడను ఏలుతోని తట్టుకుంట పోండి, రాయి కాడ గట్టిగ, రెండు రాళ్ల నడుమ మట్టి కాడ బొద్దుగ వినపడుతది. ఆ మట్టి సందులకే పొడుగు బిట్టు దింపాలె. బయటి దిక్కు కొంచెం కిందికి వాలుంచితే వాన నీళ్లు లోపలికి రావు. నేను కొత్తల కొల్లాపూర్‌ల ఒక గోడకు బిట్టు పొడుగు సరిపోక రెండు దిక్కుల నుంచి కొట్టిన. కొలుసుకొనే కొట్టిన అనుకున్న. రెండు బొక్కలు నాలుగు అంగుళాల తేడాతోని ఒకదానికొకటి కలవకుంట నిలబడినయి. ఇంటాయన ఏం అనలే, చాయ్ తెచ్చి ఇచ్చి రెండు బొక్కలనూ చూసుకుంట నిలబడ్డడు. అంతకంటే తిడితేనే బాగుండు. రెండడుగుల గోడకు రెండడుగులకు మించిన బిట్టు అద్దెకు తెచ్చుకోండి.

వైరును ఉత్తగ ఇడిచిపెట్టకండి, పీవీసీ పైపుల ఎయ్యండి. వాసాల మీద ఎలుకలు, ఉడుతలు కొరుకుతయి. బయట కోతులు. నారాయణపేటల కోతుల సంగతి మీకు నేను చెప్పాల్నా, వేలాడే తీగ కనబడితే ఉయ్యాల అనుకుంటయి. పైపు కొంచెం పెద్దదే ఎయ్యండి, వైరుతోని పాటు ఒక నైలాన్ తాడు కూడ లోపల ఉంచండి. రేపు ఇంకో వైరు కావాల్నంటే ఆ తాడు పట్టి గుంజొచ్చు. కరెంటు వైర్లున్న పైపుల మాత్రం లాన్ వైరు పెట్టకండి, పక్కపక్కన దూరం దాక నడిపించకండి. దాటాల్సి వస్తే అడ్డంగ దాటాలె.

కొసలకు జాక్ ఎక్కించేటప్పుడు రంగుల వరుస రెండు దిక్కులా ఒకటే ఉండాలె. క్లిప్పు కింది దిక్కు పెట్టి ఎడమ నుంచి: తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఎనిమిది తీగలూ జాక్ కొసను తాకినయా లేదా కండ్లకు దగ్గర పెట్టుకొని చూసినంకనే నొక్కాలె. బయటి తోలు కూడ జాక్ లోపలికి పోవాలె, తోలు బయటనే ఉంటే నాలుగు నెలలకు ఊడిపోతది. ఒక డాక్టరు ఇంట్ల 200 ప్లానుకు ఎప్పుడు చూసినా 94 కాడనే ఆగేది. కంపెనీతోని రెండు నెలలు కొట్లాడిన్రు. అంకె అట్ల 94, 95 కాడ మేకు కొట్టినట్టు ఆగిందంటే వైరు మీద లింకు 100కు పడిపోయినట్టే. 100కు నారింజ, పచ్చ జతలు చాలు. అంతకు పైన పోవాల్నంటే నాలుగు జతలూ కావాలె. జాక్ తీసి చూస్తే గోధుమ రంగు తీగ ఒకటి సగం దాకనే పోయింది. అయిదు రూపాయల జాక్.

ఎనుక రూముల పెట్టే రౌటర్ పెద్దది అక్కర్లేదు. రెండు బ్యాండ్లున్న, ఏసీ 1200 అని రాసి ఉండే రకం చాలు. పాత రౌటర్ ఇంట్ల పడి ఉంటే అదీ చాలు. అందుల యాక్సెస్ పాయింట్ మోడ్ (వైరుల వచ్చిన నెట్‌ను ఉత్త వైఫైగ ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి, కథ అయిపోయింది. లేకుంటే మూడు పనులు: దాని అడ్రసు 192.168.1.2 చేయండి (ముంగటి డబ్బా 192.168.1.1 అయితేనే, అది వేరే ఉంటే దాని వరుసల ఇంకో ఖాళీ అంకె), డీహెచ్‌సీపీ (ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు అడ్రసు నంబర్లు పంచే పని) బంద్ చేయండి, వచ్చిన వైరును వాన్ అని రాసి ఉన్న బొక్కల కాకుంట లాన్ బొక్కల పెట్టండి. డీహెచ్‌సీపీ బంద్ చేసుడు మర్చిపోతే ఇంట్ల ఇద్దరు పెద్దమనుషులు నంబర్లు పంచుతరు. ఒకరోజు నడుస్తది, ఒకరోజు నడవదు, ఎందుకో ఎవ్వరికీ సమజ్ కాదు.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టండి. ఛానెల్ (బ్యాండుల బాట నంబరు) మాత్రం వేరే ఉండాలె. 2.4ల ఒకదానికి 1, ఇంకోదానికి 11, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5ల ఒకదానికి 36, ఇంకోదానికి 149. 2.4ల 1, 6, 11 తప్ప నడిమి అంకెలు పెట్టకండి, రెండు పక్కలోల్లతోని కొట్లాట. నడిచేటప్పుడు ఏ రౌటర్‌కు అతుక్కోవాల్నో ఫోనే చూసుకుంటది, కొన్ని ఫోన్లు మొండివి, ముంగటి దాన్నే పట్టుకొని ఎనుక రూము దాక వస్తయి. అప్పుడు రెండింటిలోనూ 2.4 బలం ఒక మెట్టు తగ్గించండి. మీ చెల్లె ల్యాప్‌టాప్‌కు అయితే వైఫై కూడ ఎందుకు, ఆ చిన్న రౌటర్ నుంచి రెండు మీటర్ల వైరు నేరుగ పెట్టండి. మీటింగ్‌కు దానికి మించింది లేదు.

మెష్ అని రెండు మూడు డబ్బాలు జతగ అమ్మేటియి చెడ్డయి కావు. వాటి నడుమ లాన్ వైరు ఉంటే మస్తు పనిచేస్తయి. వైరు లేకుంట రాతిగోడల నడుమ పెడితే అవి కూడ ఖరీదైన రిపీటర్లే. అద్దె ఇల్లు, వైరు ఎయ్యనియ్యరు అంటే వేరే మాట. అప్పుడు రెండో డబ్బా సిగ్నల్ రాని రూముల పెట్టకండి, సిగ్నల్ ఇంకా మైనస్ 60 దాక ఉన్న కాడ, దర్వాజ వరుసల పెట్టండి. కరెంటు వైర్ల మీద ఇంటర్నెట్ పంపే ప్లగ్గులు ఒకటున్నయి, మీది మూడు ఫేజుల మీటర్ అయితే ముంగటి అర్ర ఒక ఫేజు, ఎనుక రూము ఇంకో ఫేజు మీద ఉండొచ్చు, ఆ ప్లగ్గుల జోలికి పోవద్దు.

కరెంటు సంగతి కూడ చూసుకోండి. ముంగటి డబ్బా ఇన్వర్టర్ మీద ఉండి ఎనుక రౌటర్ ఉత్త లైను మీద ఉంటే కరెంటు పోయినప్పుడు మీటింగ్ కూడ పోతది. ఇన్వర్టర్ లైను ఎనుక దాక లేకుంటే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. కొన్ని రౌటర్లు 9 వోల్టులయి, వాటికి 12 పెడితే కాలిపోతయి.

వైరు, పైపు, జాకులు, చిన్న రౌటర్ అన్నీ కలిపి మూడు, నాలుగు వేలల్ల అయిపోతది. సగం పూట పని.

ఒక్క జాగ్రత్త, ఆ పది అడుగుల ఖాళీ జాగ గురించి. రాగి వైరు బయటికి వచ్చిందంటే పిడుగుకు బాట ఇచ్చినట్టే. పిడుగు ఇంటి మీద పడక్కర్లేదు, దగ్గర్ల పడినా వైరుల ఒక్కసారి వోల్టేజీ ఎగుస్తది. ఎనుక రూముకు ఎర్తింగ్ వేరే ఉంటే ఆ ముక్క దాక ఫైబర్ ఏసి రెండు దిక్కుల కన్వర్టర్లు (ఫైబర్ వెలుతురును లాన్ వైరుకు మార్చేటియి) పెట్టుడు మంచిది, గాజుల కరెంటు పోదు. ఒకటే మీటరు, ఒకటే ఎర్తింగ్ అయితే రాగి వైరే పైపుల ఏసుకోండి, కానీ ఉరుములు మొదలుకాకముందే తీసెయ్యండి. మా ఇంట్లనే ఒక జూన్ నెల రాత్రి ఉరుములు మొదలైతే నేను లేచి రౌటర్ ప్లగ్గు, టీవీ ప్లగ్గు రెండూ పీకి పండుకున్న. లాన్ వైరు మాత్రం పీకలే. తెల్లారి చూస్తే రౌటర్‌ల రెండు బొక్కలు, టీవీల ఒకటి పోయినయి. ఇంత అనుభవం పెట్టుకొని ఆ పొద్దు మా ఇంటామె ముంగట నాకు మాట రాలే. మీ చెల్లెకు ముందే చూపెట్టండి, జాక్ మీద ఆ చిన్న క్లిప్పును బొటనవేలుతోని కిందికి నొక్కి నేరుగ గుంజాలె, వైరు పట్టి లాగొద్దు.